ఊలు లేని గొర్రెల సీమలో అల్లిక

కలిగిరి నుంచి ఉదయగిరి వైపు వెళ్లినా, ఆత్మకూరు వైపు వెళ్లినా దారిలో ఎక్కడో ఒకచోట గొర్రెల మంద ఎదురవుతుంది. దేశంలో అన్నిటికన్నా ఎత్తైన జాతిగా పేరున్న నెల్లూరు గొర్రెలవి. ఒళ్లంతా తెల్లగా ఉంటే పల్ల. మూతి చుట్టూ, కళ్ల చుట్టూ నల్లమచ్చలుంటే జోడిపి. ఎర్రమట్టి రంగైతే దొర. ఇన్ని గొర్రెలున్నా స్వెటరు అల్లేంత ఊలు మాత్రం దొరకదు. ఈ జాతి ఒంటిమీద ఉండేది పొట్టి వెంట్రుకే, పెంచేది మాంసం కోసం. తెలంగాణలో గొంగడి నేసే నల్ల ఊలు దక్కనీ గొర్రెది.

అల్లిక కొత్తగా మొదలుపెట్టే వాళ్లకు ఈ సంగతి ముందే తెలియడం మంచిది. చలిదేశాల అల్లిక పుస్తకాలు మొదటి పాఠానికి ఊలునే చెబుతాయి. ఊలు సాగుతుంది, కుట్టు కాస్త ఎక్కువతక్కువైనా సర్దుకుంటుంది. నూలుకు ఆ గుణం లేదు. లాగిన చోట బిగుస్తుంది, వదిలిన చోట వదులుగానే నిలిచిపోతుంది. అయినా, వేసవి వడగాలికి గుమ్మం దాటలేని మెట్ట ఊళ్లో ఊలు మఫ్లరు అల్లి ఏం చేసుకుంటారు? పెట్టెలో పడి ఉండే వస్తువు కన్నా రోజూ చేతికొచ్చే వస్తువే కొత్తవాళ్లకు హుషారునిస్తుంది. అందుకే ఇక్కడ నూలుతో మొదలుపెట్టడమే సబబు.

మొదట అల్లాల్సింది మసిగుడ్డ. వేడి గిన్నె దించడానికి ప్రతి వంటింట్లోనూ కావాల్సిందే. 4 మిల్లీమీటర్ల సూదులు తీసుకుని 36 కుట్లు ఎక్కించి, ప్రతి వరుసా నిట్ కుట్టుతోనే అల్లుకుంటూ పోవాలి. ఈ అల్లికలో వరుసల సంఖ్య కుట్లకు రెట్టింపైతే దాదాపు చదరం వస్తుంది. అంటే 72 వరుసలు. కొలబద్ద అక్కర్లేదు, గుడ్డను మూలకు మడిచి చూస్తే తెలిసిపోతుంది. దుకాణాల్లో చవగ్గా దొరికే యాక్రిలిక్ ఉండలు చెయ్యి తిరగడానికి బాగానే పనికొస్తాయి కానీ మసిగుడ్డకు వాడకూడదు. వేడి తగిలితే యాక్రిలిక్ కరుగుతుంది, చెయ్యి కాలుతుంది.

సూదులు కొనేటప్పుడు నంబరు చూసి పొరబడేవాళ్లు చాలామంది. మన దగ్గర ఇంకా పాత బ్రిటిష్ నంబర్లు నడుస్తున్నాయి. అందులో నంబరు పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. 8 అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25. చెమట పట్టే చేతులకు లోహం జారుతుంది, వెదురు సూదులు నయం.

ఇక దారం చుట్టడం. ఈ పనిని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. అల్లిక మధ్యలో విసిగి వదిలేసేవాళ్లలో చాలామందిని విసిగించేది కుట్టు కాదు, చిక్కు.

చేనేత కోసం మిల్లులు చిలపల రూపంలోనూ నూలు ఇస్తాయి. అమ్మే నూలులో కొంత భాగాన్ని ఇలా చిలపలుగా ఇవ్వాలన్నది కేంద్రం పెట్టిన నియమం. 2019 నుంచి ఆ వాటా 30 శాతం. ఒక చిలప పొడవు 840 గజాలు, గజంన్నర చుట్టుకొలతలో 560 చుట్లు. అల్లికకు ఈ నూలు ఒంటిపోగుగా చాలా సన్నం. 10వ నంబరు నూలైతే ఎనిమిది పోగులు కలిపితే గానీ 4 మిల్లీమీటర్ల సూదికి తగిన లావు రాదు. ఎనిమిదింటినీ ఒకే బిగువుతో కలిపి ఉండ చుట్టడం చిన్న పని కాదు. ఒక పోగు వదులైతే అల్లికలో అదే ఉచ్చులా పైకి లేస్తుంది.

చుట్టే పని ఎంత కష్టమో నేతగాళ్ల ఇళ్లలో అడిగితే తెలుస్తుంది. పోచంపల్లి ఇక్కత్‌కు రంగులద్దే ముందు అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ పోగును చేత్తో తిప్పాలి. దీన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడాలి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పోగును తిప్పే పనికి తగిన సాధనం ఉండటం సోకు కాదు, భుజానికి రక్ష.

ఇంట్లో అల్లుకునేవాళ్లకు అంత యంత్రం అక్కర్లేదు. చిలపను ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చుట్టడం పాత పద్ధతి. ఒకరి చేతులకు తొడిగితే మరొకరు ఉండ చుడతారు. తోడు లేకపోతే రెండు కుర్చీలు వీపులు ఆనించి పెట్టి వాటికి తొడగొచ్చు. తొడిగాకే కట్లు విప్పాలి, ముందు కాదు. చిక్కుపడితే లాగకుండా చిలపను మెల్లగా విదిలించాలి. గొడుగులా విచ్చుకుని తిరిగే స్విఫ్ట్, బల్లకు బిగించి పిడి తిప్పే బాల్ వైండర్ మంచి సాధనాలే. అయితే తయారు ఉండలు కొనుక్కునే మొదటి రోజుల్లో వాటి అవసరం లేదు. చిలపలు తరచూ తెచ్చుకోవడం మొదలయ్యాక కొనొచ్చు.

ఈలోగా నార్వే వాళ్ల నోస్టెపిన్నె చాలు. జానెడు పొడవున ఒక కొస సన్నబడే నున్నటి చెక్క పుల్ల అది. దానిమీద ఏటవాలుగా చుట్టి పుల్ల లాగేస్తే, మధ్యలోంచి దారం వచ్చే ఉండ తయారవుతుంది. ఉండ దొర్లదు. దుర్గం కొండల కర్రతో గరిటెలు, చెంచాలు చెక్కి జీఐ గుర్తింపు తెచ్చుకున్న ఉదయగిరి పనివాళ్లకు ఈ పుల్ల చెక్కడం ఎంతసేపు? అడిగి చేయించుకుంటే అల్లేవాళ్లకు సాధనం, చెక్కేవాళ్లకు మరో సరుకు.

రెండు మూడు మసిగుడ్డలయ్యాక పసిపిల్ల టోపీకి దిగొచ్చు. మార్గశిరం, పుష్యం చలికి ఇక్కడ కూడా బాలింత ఇంట్లో టోపీ తప్పనిసరి. అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. నూలు సాగదు కాబట్టి అంచు రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున అల్లితే తలకు పట్టినట్టు ఉంటుంది. లోపలివైపు పొడవాటి పోగులు వేలాడకుండా చూసుకోవాలి. పసివాళ్ల వేళ్లు వాటిలో చిక్కుకుంటాయి.