పాత ట్రక్కులకు ఏ ఇగ్నిషన్ మేలు?

మన రోడ్లమీద తిరుగు లారీలు చాలవరకు డీజిలువి. వానిలో నిప్పురవ్వతో పనిలేదు; సంపీడనమువలన వేడెక్కిన గాలియే ఇంధనమును మండించును. అమెరికాలో 1960 నుండి 1974 వరకు తయారైన షెవ్రొలే సీ-10 వంటి చిన్న ట్రక్కులు మాత్రము పెట్రోలువి. వానిని నేటికిని శ్రద్ధగా నడుపువారు అక్కడ కలరు. కంపెనీ అమర్చిన బ్రేకర్ పాయింట్లనే ఉంచవలెనా, లేక బజారులో దొరకు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కొని బిగింపవలెనా అను ప్రశ్న వారికి తప్పక ఎదురగును. ప్రకటనలు రెండవదానినే గట్టిగా సమర్థించుచున్నవి. ఆ సమర్థనలో కొంత నిజము, చాలవరకు అతిశయోక్తి కలవు.

పాయింట్ల పద్ధతిని రూపొందించినవాడు చార్లెస్ కెటరింగ్. అది 1910 మోడల్ క్యాడిలాక్ కార్లలో ప్రవేశించినది. పాఠశాల ప్రయోగశాలలో ప్రేరణ చుట్టను చూచిన విద్యార్థికి అందు తెలియనిదేమియు లేదు. పాయింట్లు మూసియున్నంతసేపు ప్రాథమిక చుట్టలో ప్రవాహము పెరుగును. అవి విడిపోగానే అయస్కాంత క్షేత్రము కూలి, గౌణ చుట్టలో వేల ఓల్టులు పుట్టును. పాయింట్లమధ్య రవ్వలు లేచి అవి కాలిపోకుండ కండెన్సరు కాపాడును. ఎలక్ట్రానిక్ పద్ధతిలో మారునది ఆ మీట ఒక్కటే. పాయింట్లు చేయు పనిని ట్రాన్సిస్టరు చేయును.

ప్రకటనలలో మొదట కనిపించునది ఓల్టేజి. కాయిలు 40 వేల ఓల్టులు ఇచ్చునని పెట్టెమీద అచ్చువేయుదురు. కాని చెరువుకట్ట ఎంత ఎత్తు వేసినను నీరు అలుగు మట్టమును మించి నిలువదు గదా! ప్లగ్గు ఖాళీలోని వాయువు అయనీకరణము చెందగానే రవ్వ దుమికి, ఓల్టేజి పడిపోవును. అంగుళములో వెయ్యింట 35 వంతుల ఖాళీకి మామూలు నడకలో పదివేల ఓల్టుల ప్రాంతమున రవ్వ పుట్టును. మిగిలిన సామర్థ్యము నిలువయే. ప్లగ్గులు అరిగినప్పుడును, చలిలో ఇంజనును లేపునప్పుడును ఆ నిలువ అక్కరకు వచ్చునే కాని, దానివలన ఇంజను బలము పెరుగదు.

రెండవ వాదము వేగమును గూర్చినది. పాయింట్లు వేగమునకు తాళలేవందురు. లెక్కవేసి చూడుడు. ఎనిమిది సిలిండర్ల షెవ్రొలే డిస్ట్రిబ్యూటరులో ఒక్కొక్క సిలిండరుకు 45 డిగ్రీలు వచ్చును. అందులో పాయింట్లు మూసియుండునది 30 డిగ్రీలు; దీనికి డ్వెల్ అని పేరు. ఇంజను నిమిషమునకు 2500 చుట్లు తిరుగునప్పుడు డిస్ట్రిబ్యూటరు 1250 చుట్లు తిరుగును. అనగా కాయిలుకు చిక్కు కాలము సెకనులో వెయ్యింట నాలుగు వంతులు. ప్రవాహము తగినంత పెరుగుటకు ఇది చాలును. 6000 చుట్లవద్ద ఈ కాలము రెండు వంతులకును తగ్గిపోవును. అచ్చట ఎలక్ట్రానిక్ పద్ధతియే మేలు. కాని బరువులు మోయు ట్రక్కుకు 6000 చుట్లతో పనియేమి?

అసలైన మేలును ప్రకటనలు చివర ఒక్క మాటతో సరిపెట్టుట వింత. క్యాముకు రాచుకొను చిన్న దిమ్మ రోజురోజుకు అరుగును, పాయింట్ల ఖాళీ తగ్గును, డ్వెల్ పెరుగును. డ్వెల్ ఒక డిగ్రీ పెరిగినచో క్రాంకుషాఫ్టు లెక్కలో జ్వలనము సుమారు ఒక డిగ్రీ ఆలస్యమగును. ఎలక్ట్రానిక్ పద్ధతిలో రాపిడి లేదు కనుక ఈ తగ్గుదలయు లేదు. నిత్యము ట్రక్కును వాడువానికి ఇది చిన్న లాభము కాదు. అయితే షెవ్రొలే డిస్ట్రిబ్యూటరు మూతకు చిన్న లోహపు కిటికీ కలదు. దానిని పైకి జరిపి, ఇంజను తిరుగుచుండగనే ఆలెన్ కీతో డ్వెల్‌ను సరిచేయవచ్చును. ఇంత సులువైన మరమ్మతు ఉన్నదని ప్రకటనలెన్నడును చెప్పవు.

కొత్తది బిగించిన తరువాత ట్రక్కు ప్రాణము పోసికొన్నదని చెప్పువారున్నారు. వారు అబద్ధమాడుటలేదు. కాని అదేరోజు ప్లగ్గులు, తీగలు, మూత, రోటరు కూడ మార్చి, టైమింగు సరిచేసియుందురు. నాలుగు విషయములను ఒకేసారి మార్చి, ఫలితమును ఒక్కదానికే కట్టబెట్టుటను ఏ ప్రయోగశాలయు అంగీకరింపదు. పాత పాయింట్లనే శుభ్రపరచి, మిగిలినవి మార్చి చూచినచో ఆ ప్రాణములో ఎంత భాగము దేనివలన వచ్చినదో తేలును. డిస్ట్రిబ్యూటరులోని అడ్వాన్సు బరువులు తుప్పుపట్టియున్నచో, అందులో ఏ మీట బిగించినను ఆ లోపము అట్లే యుండును.

1975 మోడళ్లతో జనరల్ మోటార్సువారే పాయింట్లను విడిచి, హెచ్.ఇ.ఐ. అను పద్ధతిని అన్నిటికిని అమర్చిరి. దానిని పాత ట్రక్కుకు తెచ్చుకొనుట మంచి మార్గము. ఇందొక పొరపాటు తరచు జరుగుచుండును. పాయింట్లు త్వరగా కాలిపోకుండ పాత ట్రక్కులలో కాయిలుకు నిరోధపు తీగ ద్వారా తక్కువ ఓల్టేజి ఇచ్చెడివారు. హెచ్.ఇ.ఐ.కి బ్యాటరీ పూర్తి ఓల్టేజి కావలెను. పాత తీగనే కలిపి, రవ్వ బలహీనముగా నున్నదని కొత్త పద్ధతిని నిందించుట న్యాయము కాదు.

రోజూ తిరుగు ట్రక్కుకు, డిస్ట్రిబ్యూటరు బాగుగ నున్నచో, మార్పు చేయుటే యుక్తము. నెలకొకసారి కదలు ట్రక్కుకు పాయింట్లే చాలును. దారిలో ఆగినప్పుడు చిన్న ఆకురాయితో రాచి ఇల్లు చేరవచ్చును. మాడ్యూలు చెడినచో రాచుటకేమియు ఉండదు. పాత డిస్ట్రిబ్యూటరులోనే కొత్త సామగ్రిని బిగించినవారు, విప్పిన పాయింట్లను, కండెన్సరును ఒక గుడ్డలో చుట్టి సీటుక్రింద ఉంచుకొనుట మంచిది.