ఇంద్రజిత్తు కూడా: ఒక నాటకమూ, దాని కాలేజీ ప్రేక్షకులూ

బాదల్ సర్కార్ ‘ఏవం ఇంద్రజిత్’ గురించి మనలో రెండు అభిప్రాయాలు బలంగా ఉన్నాయి. అది ఆధునిక మానవుడి శూన్యతను చిత్రించిన అస్తిత్వవాద నాటకమని కొందరు మెచ్చుకుంటారు. సరిగ్గా ఆ కారణం చేతనే, అది మధ్యతరగతి నిస్పృహకు పెట్టిన దండ అని మరికొందరు తోసిపుచ్చుతారు. మెచ్చేవారూ తోసిపుచ్చేవారూ నాటకంలో చూసింది ఒకటే. వేసిన మార్కుల్లోనే తేడా. ఈ మధ్య మా కాలేజీ విద్యార్థులు ఈ నాటకాన్ని రెండు రాత్రులు ఆడారు. గిరీశ్ కర్నాడ్ ఇంగ్లీషు అనువాదాన్ని (1974) దగ్గర పెట్టుకుని తెలుగు ప్రతి తామే తయారు చేసుకున్నారు. చూసినవారిలో ఎక్కువమంది పద్దెనిమిదికీ ఇరవై రెండుకూ మధ్య వయసువాళ్ళు. మర్నాడు తరగతిలో వాళ్ళు చెప్పినవీ, కాగితాల మీద రాసి ఇచ్చినవీ పరిశీలిస్తే, పై రెండు అభిప్రాయాల్లోనూ ఇమడని సంగతులు కొన్ని కనిపించాయి. అవి విమర్శకులు పట్టించుకోదగినవని నా నమ్మకం.

నాటకం చదవనివారి కోసం నాలుగు ముక్కలు. సర్కార్ దీన్ని 1963లో రాశాడు. 1965లో కలకత్తాలో ప్రదర్శించారు. రచయిత పాత్ర ఒకటి నాటకం రాయాలని తంటాలు పడుతూ ఉంటుంది. రాయటానికి మనుషులు దొరకరు. ఆలస్యంగా వచ్చిన నలుగురు ప్రేక్షకులను పిలిచి పేర్లడిగితే అమల్, విమల్, కమల్ అని ముగ్గురు చెబుతారు. నాలుగోవాడు నిర్మల్ అంటాడు. రచయిత నమ్మడు. గద్దించి అడిగితే ఇంద్రజిత్ అని అసలు పేరు బయటపెడతాడు. అందరిలా లేని పేరు చెప్పుకోవటానికి వాడికి భయం. ఆ తరువాత నలుగురూ కాలేజీకి వెళతారు, పరీక్షలు రాస్తారు, ఇంటర్వ్యూల కోసం కాచుకుంటారు, ఆఫీసులో ఫైళ్ళు తిప్పుతారు, పెళ్ళిళ్ళు చేసుకుంటారు. ఇంద్రజిత్ మానసిని ప్రేమిస్తాడు. బంధుత్వ నియమం అడ్డు వచ్చి ఆమె పెళ్ళికి ఒప్పుకోదు. అతను లండన్ వెళతాడు, తిరిగి వస్తాడు, ఇంకొక అమ్మాయిని చేసుకుంటాడు. చివరికి తానూ అమల్, విమల్, కమల్‌ల వరసలోనివాడినే అని గ్రహిస్తాడు.

మొదటి చిక్కు పేరు దగ్గరే వచ్చింది. బెంగాలీలో ‘ఏవం’ అంటే సముచ్చయం. అమల్, విమల్, కమల్ అన్న తరువాత కాస్త ఆగి, ఇంద్రజిత్‌ను విడిగా చేర్చే మాట. మనకు ‘ఏవం’ అనగానే ‘ఏవంవిధంగా’ గుర్తుకొస్తుంది. పోనీ తెలుగు చేద్దామంటే, మన భాషలో సముచ్చయానికి ప్రత్యేకమైన మాట లేదు. ‘అమలుడూ విమలుడూ కమలుడూ ఇంద్రజిత్తూ’ అని అందరి పేర్లకూ సమానంగా దీర్ఘం ఇస్తాం. ఆ దీర్ఘంలో నలుగురూ ఒకే బెంచీ మీద కూచుంటారు. నాలుగోవాడు విడిగా నిలబడడు. ‘మరియు’ పాఠ్యపుస్తకాల్లోనూ ప్రభుత్వ ప్రకటనల్లోనూ తప్ప ఎక్కడా బతకని మాట. విద్యార్థులు చాలాసేపు కొట్టుకులాడి చివరకు ‘ఇంద్రజిత్తు కూడా’ అని పెట్టారు. వ్యాకరణరీత్యా ఇది అనువాదం కాదు, విమర్శ. ‘ఏవం’ అతన్ని వేరు చేస్తుంది; ‘కూడా’ అతన్ని కలిపేస్తుంది. నాటకం మూడంకాల్లో చేరుకునే చోటికి ఈ పిల్లలు గోడపత్రిక మీదే చేరుకున్నారు.

పేర్ల సంగతి ఎత్తాను గనక ఇంకొక్క మాట. అమల, విమల, నిర్మల శబ్దాలు మూడింటికీ మాలిన్యం లేనిది అనే అర్థం. కమల శబ్దం అర్థంలో కాకపోయినా ప్రాసలో కలిసింది. తల్లిదండ్రులు మచ్చలేని పేర్లు వెతికి పెట్టుకున్న పిల్లలన్నమాట. ఇంద్రజిత్తు అలా కాదు, దేవేంద్రుణ్ణి జయించిన రాక్షసుడు. 1861లో మైకేల్ మధుసూదన దత్తు ‘మేఘనాదవధ’ రాసినప్పటి నుంచీ బెంగాలీ పాఠకుడికి ఆ పేరులో ఒక వీరుడి విషాదం వినిపిస్తుంది. మా హాలులో మాత్రం లక్ష్మణుణ్ణి మూర్ఛపుచ్చినవాడే గుర్తుకొచ్చాడు. దానివల్ల నష్టమేమీ జరగలేదు. లంకలో పుట్టినవాడు నిర్మల్ అని పేరు మార్చుకుని తిరగవలసి వచ్చిందని వాళ్ళు నవ్వుకున్నారు. రెండు మూడు కాగితాల్లో ఆ నవ్వు కింద వేరే మాట ఉంది. తమ ఇంటిపేరు చెబితే ఎదుటివాడు కులం లెక్క కడతాడని, హాస్టల్లో చేరిన కొత్తలో దాన్ని మింగి ఒట్టి పేరే చెప్పామని రాశారు. సర్కార్ ఈ భయాన్ని ఉద్దేశించి ఉండకపోవచ్చు. అయినా నాటకం మంచిదైతే, రచయిత ఎరగని భయాలకు కూడా అందులో చోటు దొరుకుతుంది.

తరగతి సన్నివేశాలకు హాలు దద్దరిల్లేలా నవ్వారు. హాజరు పిలవటం, గంట కొట్టటం, క్రికెట్టు నుంచి సినిమాకూ సినిమా నుంచి రాజకీయాలకూ గెంతే కబుర్లు, మధ్యమధ్య పిన్ని వచ్చి అన్నం తినమని ప్రాణం తీయటం, వీటికి వ్యాఖ్యానం అక్కరలేదు. అధ్యాపకుల మీద వేసిన విసుర్లకు మరీ గట్టిగా నవ్వారు. ముందు వరసలో కూచున్న మేమూ నవ్వాం, కొందరం కొంచెం ఆలస్యంగా.

రెండు రాత్రులూ నవ్వు ఆగిపోయిన చోటు ఒకటే, ఇంటర్వ్యూ ఘట్టం. ఒకరి తరువాత ఒకరు లోపలికి వెళతారు, మిగిలినవాళ్ళు బయట కూచుంటారు. రంగస్థలం మీద జరిగేది అంతకంటే ఎక్కువేమీ లేదు. కానీ కుర్చీ కిర్రుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఆ తరువాత ఆఫీసు ఘట్టం వచ్చినప్పుడు, అంటే ఫైళ్ళు, టీ, ప్యూను, మళ్ళీ ఫైళ్ళు, ఎక్కడైతే మన విమర్శకులు శూన్యత పరాకాష్ఠకు చేరిందంటారో అక్కడ, హాలు సడలింది. ఊపిరి పీల్చుకున్నట్లు కబుర్లు మొదలైనాయి. ఎందుకని అడిగితే ఒక బి.కాం. కుర్రాడు నిర్మొహమాటంగా చెప్పాడు: “వాళ్ళకి ఉద్యోగాలు వచ్చేశాయి కదండీ. ఇక వాళ్ళ బాధేమిటో మాకు తెలియలేదు.” ఒక అమ్మాయి కాగితం మీద ఇంకా పొట్టిగా రాసింది: “అమలుడి జీవితం దొరికితే చాలు, నేను నాటకాలు చూడను.”

ఈ మాటలు విని నాటకం పాతబడిందని తేల్చేయటం సులభం. 1963లో గుమాస్తా బల్ల దగ్గర కూచుని విసుగెత్తిన యువకుడి దుఃఖం, ఆ బల్ల దాకా చేరలేని యువకుడికి విలాసంగా కనబడటంలో ఆశ్చర్యం లేదు. నెల జీతం ఉన్నవాడి నిరాశకూ లేనివాడి నిరాశకూ తేడా ఉంది. ఆ తేడా ఆర్థికమైనది, తాత్త్వికమైనది కాదు. ఈ పిల్లలకు ఈ సంగతి ఎవరూ బోధించలేదు. ‘ఆకలిరాజ్యం’ (1981) వాళ్ళు పుట్టకముందు వచ్చిన సినిమా. అయినా చర్చలో ఇద్దరు ముగ్గురు దాని ప్రస్తావన తెచ్చి, అందులో ఉద్యోగం లేదు గనక అది తమ కథ అనీ, ఇందులో ఉంది గనక ఇది తమ నాన్నల కథ అనీ అన్నారు. నాన్నల కథ అన్నది నాకు నచ్చిన మాట.

అయితే వాళ్ళు అంతటితో ఆగలేదు. నాటకం చివర సిసిఫస్ ప్రస్తావన వస్తుంది. గ్రీకు పురాణంలో దేవతల శాపానికి గురై, బండరాయిని కొండ మీదికి దొర్లించటం, అది కిందికి దొర్లిపోతే మళ్ళీ ఎత్తటం, ఎన్నటికీ అదే పని చేసేవాడు. ఇది మనవాళ్ళకు ఎక్కదనీ, తీసేసి ఏ విక్రమార్కుణ్ణో పెట్టమనీ తాలీముల్లో పెద్దలు సలహా ఇచ్చారు. విద్యార్థులు వినలేదు. నాటకం మొత్తంలో వాళ్ళకు వివరణ అవసరంలేని ఘట్టం అదే అయింది. తెలంగాణలో గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష 2022 అక్టోబరులో జరిగింది. ప్రశ్నపత్రాలు బయటికి పోయాయని 2023 మార్చిలో రద్దయింది. ఆ జూన్‌లో మళ్ళీ జరిగింది. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. పాత ప్రకటన పోయి కొత్త ప్రకటన వచ్చి, 2024 జూన్‌లో మూడోసారి జరిగింది. మా విద్యార్థుల అన్నలూ అక్కలూ అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి గ్రంథాలయంలో ఈ మూడు పరీక్షలకూ చదివినవాళ్ళు. మూడుసార్లు రాయెత్తినవాళ్ళకు గ్రీకు పురాణం పరాయిది ఎలా అవుతుంది?

నాకు ముఖ్యమనిపించిన ప్రశ్న ఇక్కడే పుట్టింది. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, “రాయి తనంతట తాను దొర్లిందా, ఎవరైనా తోశారా?” అని అడిగాడు. గ్రీకు కథలో శాపమిచ్చిన దేవతలున్నారు. సర్కార్ నాటకంలో దేవతలు లేరు, వాళ్ళ చోట మరెవరూ లేరు. పరీక్ష ఉంది, దాన్ని పెట్టేవాళ్ళు లేరు. ఆఫీసు ఉంది, దాని యజమాని లేడు. బాధ అంతా ఉంది, దానికి కారకుడు మాత్రం రంగస్థలం మీదికి రాడు. ఈ నాటకంలో లోపం ఏదంటే నిరాశ కాదు, ఇది. నిరాశను చిత్రించినందుకు రచయితను తప్పుపట్టేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఆశ కావాలని అడిగితే చివరి అంకంలో జెండా ఒకటి ఎగరేసి నాటకాలు పాడుచేసుకున్న అనుభవం మనకు తక్కువేమీ లేదు. కుర్రాడు అడిగింది ఆశ కాదు, వివరం. అది అడిగే హక్కు ప్రేక్షకుడికి ఉంది. అయితే ఒకటి గమనించాలి: ఈ ప్రశ్న వాడికి ఏ ఉపన్యాసం విన్నప్పుడూ రాలేదు, ఈ నాటకం చూస్తే వచ్చింది.

ఇక మానసి సంగతి. తెలుగులో అన్నిటికంటే కష్టపడవలసిన ఘట్టం ఇదే. మానసి ఇంద్రజిత్‌కు ‘కజిన్’. బెంగాలీ హిందువుల్లో కజిన్ ఏ వైపు బంధువైనా చెల్లెలి కిందే లెక్క. మన భాషలో ఆ మాటే లేదు. మేనమామ కూతురైతే మరదలు, పినతండ్రి కూతురైతే చెల్లెలు. మధ్యే మార్గం లేదు. మొదటి రాత్రి ప్రతిలో ‘మేనమామ కూతురు’ అని పెట్టారు. మానసి కళ్ళనీళ్ళతో, ఇది కూడని పని అనగానే హాలంతా ఒక్కసారిగా “మరదలేగా!” అని కేకవేసింది. విషాదం కాస్తా మేలమాడుకోవటం అయిపోయింది. రెండో రాత్రి ‘చిన్నాన్న కూతురు’ అని మార్చారు. ఈసారి ఎవరూ నవ్వలేదు, కానీ ఎవరికీ జాలి కూడా కలగలేదు. ముఖాలు చిట్లించుకున్నారు. మొదటి రాత్రి నియమమే లేకుండా పోయింది, రెండో రాత్రి నియమం న్యాయమైపోయింది. సర్కార్‌కు కావలసింది రెండూ కాదు. మనిషి ఎందుకో తెలియకుండా తలవంచే నియమం ఆయనకు కావాలి.

చర్చలో ఒక విద్యార్థిని దీనికి మందు చెప్పింది. మానసిని వేరే కులం పిల్లను చేస్తే సరి, అప్పుడు ఎవరూ నవ్వరు, ఎవరూ ముఖం చిట్లించరు అంది. చాలామంది చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను. మన నేల మీద కులనియమం ఎందుకో తెలియకుండా తలవంచే నియమం కాదు. దాని వెనుక ఆస్తి ఉంది, కత్తి ఉంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి ఆసుపత్రి ముందు, గర్భిణి అయిన భార్య కళ్ళముందే నరికించిన సంగతి ఈ పిల్లలకు తెలుసు. ఆ నియమాన్ని ఈ నాటకంలో పెడితే ఇంద్రజిత్ పార్కులో కూచుని నియమాలను తిట్టటం కుదరదు. పారిపోవాలి, లేదా ఎదిరించాలి. అప్పుడది వేరే నాటకం. ఆ నాటకం రావలసి ఉంది, నిజమే. దాన్ని సర్కార్ ప్రతిలో అతుకువేసి రప్పించలేం, కొత్తగా రాసుకోవాలి. ఆ అమ్మాయితో ఈ మాటే అన్నాను. “రాస్తే ఆడనిస్తారా సార్?” అని అడిగింది. ఆ ప్రశ్న నన్నొక్కణ్ణే ఉద్దేశించినది కాదు.

ఆడపిల్లల కాగితాల్లో దాదాపు అన్నింటిలోనూ ఉన్న ఫిర్యాదు మరొకటి. మానసి ఎందుకు వద్దంటుందో ఇంద్రజిత్ అడుగుతాడు, రచయిత అడుగుతాడు. ఆమె రోజు ఎలా గడుస్తుందని ఎవరూ అడగరు. మగవాడితో సంభాషణలో తప్ప ఆమె కనిపించదు. ఇంద్రజిత్ చేసుకున్న అమ్మాయి పేరు కూడా మానసే. నలుగురు మగవాళ్ళు ఒకే అచ్చులో పోసినట్లున్నారని దుఃఖించే నాటకం, ఆడవాళ్ళందరికీ ఒకే పేరు పెట్టి దుఃఖించకుండా ఊరుకుంటుంది. రచయిత కావాలనే అలా చేశాడని సమర్థించవచ్చు. ఆ సమర్థన ఇంతవరకు మగ విమర్శకుల నోటనే విన్నాను.

ఇంద్రజిత్‌కు చావు ఆలోచన వస్తుంది గనక ఇలాంటి నాటకం కుర్రవాళ్ళచేత ఆడించకూడదని మాలో పెద్దవారొకరు అభ్యంతరం చెప్పారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్దిరోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. వాళ్ళు ఏ నాటకమూ చూసి ఆ పని చేయలేదు. ఈ నాటకం చూసినవాళ్ళు మర్నాడు ఆ విషయం గురించి తరగతిలో నోరువిప్పి మాట్లాడుకున్నారు. ఒకడు తన గదిలో ఉండి వెళ్ళిపోయినవాడి గురించి చెప్పాడు. అంతకుముందు రెండేళ్ళలో వాడు ఆ మాట ఎవరితోనూ అనలేదట.

రాయి తోసిందెవరన్న ప్రశ్న సర్కార్‌ను కూడా ఊరికే వదిలిపెట్టినట్లు లేదు. యౌవనంలో కమ్యూనిస్టు పార్టీలో పనిచేసి బయటికి వచ్చినవాడాయన. ఈ నాటకం తరువాత పదేళ్ళు తిరక్కముందే తెరలూ దీపాలూ ఉన్న రంగస్థలాన్ని విడిచి, టిక్కెట్టు లేని ఆరుబయటి ప్రదర్శనలకు వెళ్ళాడు. 1974 నాటి ‘మిఛిల్’లో తప్పిపోయిన కుర్రవాడొకడు, ఊరేగింపుల మధ్య దారి వెతుక్కుంటూ ఉంటాడు. దాని ఇంగ్లీషు ప్రతి మా గ్రంథాలయంలో దొరికింది. ఇప్పుడది వెనక బెంచీ కుర్రాడి దగ్గర ఉంది. గడువు దాటి పదిహేను రోజులైనా తిరిగి ఇవ్వలేదు.