ఇంటిపేరు అక్కర్లేని బిళ్ళ

"కారంచేడు మీదా చుండూరు మీదా రాసేదానివి, దయ్యాల కథలూ గ్రహాంతరవాసుల కథలూ చదివేవాళ్ళ తిరనాళ్ళకి ఎందుకు పోయావమ్మా?" అని ఒక పెద్దాయన సభలోనే అడిగాడు. మన ఉద్యమంలో పెద్దాయన. నేను గౌరవించే మనిషి. ఆ పూట నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు నాకే నచ్చలేదు.

2019 మే నెలాఖర్లో చికాగోలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. దానికి చిన్నప్పట్నుంచీ ఈ పుస్తకాల పిచ్చి. "అమ్మా, మూడు రోజులు నాతో రా. నచ్చకపోతే గదిలో పడుకుందువుగాని" అంది. బస్సులో మూడు గంటలు. మాడిసన్ అనే ఊరు, విస్కాన్సిన్ రాష్ట్రానికి రాజధాని. రెండు పెద్ద సరస్సుల మధ్య సన్నటి నేల మీద కట్టిన ఊరు. చట్టసభ గుమ్మటానికి దగ్గర్లోనే కాంకోర్స్ అనే హోటలు. విస్కాన్ అనే సభ అక్కడ జరిగింది. 1977లో మొదలైన సభ. సైన్స్ ఫిక్షన్నీ ఫాంటసీనీ స్త్రీవాదం వైపు నుంచి చదివేవాళ్ళు, రాసేవాళ్ళు కూడబలుక్కుని నడుపుకునే సభ. జీతగాళ్ళు నడిపేది కాదు. రచయితలు వేదిక మీద, పాఠకులు కింద అనే పట్టింపు తక్కువ. పొద్దున వేదిక మీద మాట్లాడినావిడ మధ్యాహ్నం నా పక్క కుర్చీలో కూర్చుని ఊలు అల్లుకుంటా వింటోంది.

నడవాల్లో నేల మీద నీలం రంగు టేపు అంటించి ఉంది. చక్రాల కుర్చీల దారంట అది, దాంట్లో ఎవరూ అడ్డం నిలబడకూడదు. నేను ఆ టేపు పక్కనే చాలాసేపు నిలబడి చూశాను. మా ఊళ్ళో కూడా దారుల మీద గీతలుండేవి, ఎవరూ గియ్యకపోయినా మాకు కనపడేవి. మనిషికి దారి వదలడానికి కూడా గీత గీస్తారని నాకు యాభై దాటాక తెలిసింది.

పేర్లు నమోదు చేసుకునే బల్ల దగ్గర ఒక పిల్ల మెడలో వేసుకునే బిళ్ళ ఇస్తా, "ఏం పేరు రాయమంటారు?" అంది. నా పేరు చెప్పి ఇంటిపేరు చెప్పబోయాను. "ఒకటి చాలు, మీకు ఏది ఇష్టమైతే అది" అంది. చుట్టూ చూస్తే జంతువుల పేర్లు రాసుకున్నవాళ్ళున్నారు, నవలల్లో పాత్రల పేర్లు రాసుకున్నవాళ్ళున్నారు. ఎవరూ ఎవర్నీ అసలు పేరేంటని అడగట్లేదు. నేను మా అమ్మ పేరు రాయించుకున్నాను. మరియమ్మ. బతికున్నన్నాళ్ళూ మా అమ్మని ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. 'ఏమే'నే ఆమెకి పేరు. ఇక్కడ మూడు రోజులూ తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ నోరు తిరక్కపోయినా మరియమ్మా మరియమ్మా అని పిలుస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

ఈ సాహిత్యంలో పేరు మొదట్నుంచీ రగులుతున్న సంగతే. జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్ అనే మగపేరుతో రాసినావిడ ఆలిస్ షెల్డన్. 1977 నాటికి లోకానికి తెలిసింది. 1991లో ఆ మగపేరు మీదే ఈ విస్కాన్‌లో ఒక అవార్డు ప్రకటించి, దాని డబ్బుల కోసం కేకులూ బిస్కెట్లూ చేసి అమ్మారు. ఆమె 1987లో జబ్బుపడ్డ భర్తని కాల్చి తనూ కాల్చుకుంది. ఆ పేరు మాకు గౌరవం కాదని వికలాంగులు అడిగితే, 2019లోనే, నేను వచ్చేసిన కొన్ని నెలలకి, ఆ పేరు తీసేసి అదర్‌వైజ్ అని పెట్టుకున్నారు. అదే ఏడు ఆగస్టులో వేరే పెద్ద సభలో, జాన్ కాంప్‌బెల్ పేరున్న కొత్త రచయితల అవార్డు చేతిలో పట్టుకుని, ఆయన ఫాసిస్టు అని జెనెట్ ఎంగ్ వేదిక మీదే అనేసింది. పది రోజులు తిరక్కుండా ఆ పేరూ పోయింది. ఎవరీ కాంప్‌బెల్ అంటే, 1967లో శామ్యూల్ డెలానీ 'నోవా' నవలని, నల్లవాడు కథానాయకుడైతే మా పాఠకులు కలిసి నడవలేరని తిప్పికొట్టిన సంపాదకుడు. డెలానీ ఆ సంగతి 1998లో రాశాడు. మన దగ్గర అవార్డుల పేర్ల మీద ఈ లెక్కన కూర్చుంటే ఎన్ని మిగులుతాయో నేను చెప్పను.

నాకు అన్నిటికన్నా పట్టుకున్నది కార్ల్ బ్రాండన్ కథ. 1950ల్లో అమెరికాలో ఈ అభిమానులు చేతిపత్రికలు వేసుకునేవాళ్ళు. వాటిల్లో కార్ల్ బ్రాండన్ అనే నల్ల కుర్రాడు భలే రాస్తాడని పేరొచ్చింది. తీరా చూస్తే అట్లాంటి మనిషే లేడు. తెల్ల కుర్రాళ్ళు కొందరు కూడి పుట్టించారు. వాళ్ళ ఉద్దేశం చెడ్డదని నేననను. కానీ ఆ గుంపుకి నల్ల రచయిత కావలసొస్తే కాయితం మీద తయారుచేసుకున్నారు. 1999లో ఈ విస్కాన్ చర్చల్లోంచే నిజం నల్లవాళ్ళూ ఇతర రంగువాళ్ళూ సంఘం పెట్టుకుని, దానికి ఆ లేని మనిషి పేరే పెట్టారు, కార్ల్ బ్రాండన్ సొసైటీ అని. ఎంత గడుసుతనం! ఇది విన్నప్పుడు నాకు ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' గుర్తొచ్చింది. 1922 నాటి పుస్తకం. సంగదాసునీ రామదాసునీ మేము కనలేదు, ఆయన కన్నాడు. మంచిగానే కన్నాడు, ప్రభుత్వం నిషేధించేంత మంచిగా. అయినా మన గురించి పుట్టిన పాత్రకీ మనలోంచి పుట్టిన పాత్రకీ తేడా ఉంది. కార్ల్ బ్రాండన్‌ని వాళ్ళు లాక్కున్నట్టు మనం సంగదాసుని ఇంతవరకు ఎందుకు లాక్కోలేదు? రామదాసు పద్ధతి గాంధేయమా కాదా అని తర్కించాం, అంతకుమించి ఆ మనుషుల్ని చేతిలోకి తీసుకుని వేరే కథ నడపలేదు.

శనివారం పొద్దున చట్టసభ చుట్టూ రైతుల సంత జరుగుతుంది. సభకి వెళ్ళేముందు చూద్దామని నేనూ అమ్మాయీ వెళ్ళాం. పాలకూర కట్ట బేరం చేస్తా తెలుగులో మాట్లాడుకుంటుంటే ఒక జంట ఆగారు. ఎంత సంబరపడ్డారో. "ఏ ఊరండీ మీది?" గుంటూరు పక్కన అన్నాను. "అరె, మా మేనత్తగారిదీ అటే. ఇంటిపేరు?" చెప్పాను. ఆ ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉంది, పాపం ఆయనకి తేలలేదు. "ఊళ్ళో ఎటువైపు?" అన్నాడు. నేను కూర కట్ట వైపు చూస్తా ఉండిపోయాను. అంత రాసినదాన్ని, అన్ని సభల్లో అరిచినదాన్ని, ఎనిమిదివేల మైళ్ళవతల ఒక పాలకూర బండి దగ్గర నా నోరు పడిపోయింది. మా అమ్మాయే చెప్పింది. "మాదిగపల్లె అంకుల్, చర్చి పక్కన." ఆయన మొహం ఏం మారలేదు, మర్యాదస్తుడే. వాళ్ళావిడే "సరేనండీ, లేటవుతోంది" అంది. అంతే. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. నేను మెడలో బిళ్ళ సరిచేసుకుని హోటలుకి నడిచాను.

ఆ రోజే మధ్యాహ్నం ఒక గదిలో పురాణాల్ని తిరగరాయడం మీద చర్చ. వేదిక మీద మన దేశం మూలాలున్న పిల్లలు ముగ్గురు. ఇక్కడి బళ్ళల్లో తమ దేవుళ్ళని వెక్కిరించారని, ఫాంటసీ అంటే ఐరోపా కోటలేనా, మా రామాయణ భారతాలు ఎందుకు కాకూడదని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. తెల్లవాళ్ళ అల్మారాలో ఆ పుస్తకాలకి చోటు లేదన్నది నిజం. గది చప్పట్లు కొట్టింది. నాకు చేతులు కలవలేదు. వాళ్ళు తెల్లవాడి ముందు వెలివాడలో నిలబడ్డారు, కానీ వాళ్ళ చేతిలో ఉన్న పుస్తకం మాకు అగ్రహారం. అణగారిన సంస్కృతి అని వాళ్ళు చూపిస్తున్నదే మమ్మల్ని అణచిన సంస్కృతి. 'రంగువాళ్ళు' అనే ఒక్క మాట కింద వాళ్ళూ నేనూ ఒకే చాప మీద కూర్చున్నాం. మా ఊళ్ళో ఆ చాప పడదు. గదిలో ఉన్న తెల్లవాళ్ళకి ఇది తెలిసే దారి లేదు. మనమే చెప్పాలి.

నా పక్కన కూర్చున్న నల్లావిడ, వయసులో నాకన్నా పెద్దది, చప్పట్లు కొట్టకుండా నన్నే చూస్తోంది. "ఆ కథలో మీవాళ్ళెవరు?" అని మెల్లగా అడిగింది. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. శంబూకుణ్ణీ ఏకలవ్యుణ్ణీ చెప్పలేదు, ఎందుకో లక్క ఇల్లు నోట్లోకొచ్చింది. కుంతి అన్నం పెడుతుంటే తిండి కోసం వచ్చిన ఒక నిషాద తల్లీ, ఆమె ఐదుగురు కొడుకులూ తాగి అక్కడే పడి నిద్రపోతారు. భీముడు ఇంటికి నిప్పుపెట్టి తనవాళ్ళని సొరంగంలోంచి తీసుకుపోతాడు. పొద్దున ఆ ఆరు శవాల్ని చూసి ఊరు పాండవులు చచ్చారనుకుంటుంది. పాండవులు బతికి రాజ్యమేలడానికి ఆ ఆరుగురు కాలాలి. "వాళ్ళ పేర్లేంటి?" అంది ఆవిడ. వ్యాసుడు పెట్టలేదన్నాను. ఆవిడ నా బిళ్ళ వైపు చూసి, "అయితే చెయ్యెత్తు మరియమ్మా" అంది. ఎత్తాను. తడబడతానే అడిగాను. వేదిక మీద ఒక పిల్ల తలదించుకుని, తను ఆ ఆరుగుర్ని ఎప్పుడూ లెక్కపెట్టలేదని ఒప్పుకుంది. మిగతా ఇద్దరూ ఇంకేదో మాట్లాడారు.

ఆక్టేవియా బట్లర్‌ని నేను అక్కడే కొన్నాను. నల్లజాతి స్త్రీ, 1947లో పుట్టింది, మన 'చందమామ' పుట్టిన ఏడే. వాళ్ళమ్మ తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిచేసేది. దొడ్డిదారిన పోయి దొడ్డిదారిన రావాలి. చిన్న పిల్లగా ఆమె వెంట పోయి అది చూసి, అమ్మ ఎందుకు పడుతుందా అని సిగ్గుపడింది. పెద్దయ్యాక తోటి కుర్రాడొకడు, మన వెనకటి తరం ముసలోళ్ళే మనల్ని ఇట్లా ఉంచారు, వాళ్ళని చంపెయ్యాలనిపిస్తది అన్నాడంట. ఆ మాటకి జవాబుగా 1979లో 'కిండ్రెడ్' నవల వచ్చింది. 1976 కాలిఫోర్నియాలో ఉన్న డానా అనే నల్ల యువతి ఉన్నట్టుండి వందేళ్ళకి పైగా వెనక్కి, బానిసల కాలపు మేరీలాండ్‌లోకి పడుతుంది. యంత్రం లేదు, మంత్రం లేదు, ఎట్లా పోయిందో బట్లర్ చెప్పదు. చెప్పక్కర్లేదు కూడా. అక్కడ కొరడా దెబ్బ తిన్నాకే ఆమెకి అర్థమవుద్ది, ఆ ముసలోళ్ళు తలొంచుకుని ఎందుకు బతికారో, ఆ తలొంపు ఎవర్ని బతికించిందో.

ఉద్యమంలోకి వచ్చిన కొత్తలో నేనూ మా అమ్మని "బానిస బతుకు బతికావే" అన్నాను. ఆమె ఆసామి గొడ్లచావిట్లో పేడెత్తి, దొడ్డిగుమ్మం దగ్గర దోసిట్లో పోసింది తెచ్చి నన్ను చదివించింది. నేనన్న మాటకి ఏమీ అనలేదు, అన్నం పెట్టింది. నవల సగంలో పుస్తకం మూసేసి ఆ హోటలు గదిలో ఏడ్చాను.

మనకీ ఒక కాలయంత్రం వచ్చింది, 1991 జూలైలో, 'ఆదిత్య 369'. సింగీతం గారి సినిమా, సరదా సినిమా, పిల్లలతో నేనూ చూశాను. ఆ యంత్రం ఎక్కినవాళ్ళు రాయలవారి కొలువుకి పోయారు, తర్వాత భవిష్యత్తుకి పోయారు. ఆ కొలువు వెనక పెంటలెత్తే వాడ ఒకటి ఉండే ఉంటది, అక్కడ దిగలేదు. ఆ జూలైలోనే చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందని గొడవ. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. డానాకి వెనక్కి పోవడం ఒక వింత. మనకి గుంటూరు బస్టాండులో బస్సెక్కితే చాలు.

పెద్దాయనకి నేను చెప్పాల్సింది ఇక్కడుంది. 'అనుభవం' అనే మాటని మనం ఆయుధంగా పట్టుకున్నాం, సరే. కానీ అదే మనకి కంచె కూడా అయింది. నేనొకసారి మా వాడలో బావి మాట్లాడినట్టు కథ రాసి పంపితే, ఒక పత్రిక "ఇందులో దళిత జీవితం లేదు" అని తిప్పి పంపింది. గాయం చూపిస్తే అచ్చేస్తారు, కల చూపిస్తే అచ్చెయ్యరు. ఊహ మాత్రం పెద్దకులాల జిరాయితీ భూమి, మనం అందులో కూలికి కూడా పోకూడదు! మరి జాషువా 1941లో చేసిందేంటి? గుడిలో అడుగుపెట్టలేని మనిషి, గుడి చూరుకి వేలాడే గబ్బిలంతో కాశీలో ఉన్న శివుడికి కబురంపాడు. పిట్టతో మనిషి మాట్లాడ్డం అనుభవమా? కాళిదాసు మేఘాన్ని ఎత్తుకొచ్చి, ఎవరూ ఇష్టపడని గబ్బిలాన్ని అక్కడ పెట్టడంలో ఉంది ఆయన దెబ్బ. మన తొలి పెద్ద కావ్యాల్లో ఒకటి ఫాంటసీ అని మనం విద్యార్థులకి చెప్పం.

బట్లర్ 2006లో చనిపోయాక ఆమె పేరు మీద కార్ల్ బ్రాండన్ సొసైటీ ఒక స్కాలర్‌షిప్ పెట్టింది. ఆ స్కాలర్‌షిప్‌తో 2015లో రచనా శిక్షణకి వెళ్ళింది కలకత్తా నుంచి వచ్చిన దళిత రచయిత్రి మిమి మండల్. 2018లో బట్లర్‌కి రాసిన ఉత్తరాల పుస్తకానికి సహ సంపాదకురాలిగా హ్యూగో అవార్డు తుది జాబితాలో నిలబడింది. ఆమె పేరు మన సభల్లో ఎన్నిసార్లు విన్నారు? నేనూ మాడిసన్ పోయాకే విన్నాను.

సోమవారం బస్సులో మా అమ్మాయి నిద్రపోయింది. నేను బిళ్ళ వెనక తెల్లగా ఉన్నచోట ఐదు పేర్లు రాసుకున్నాను, మా వాడలో చిన్నప్పుడు నాతో ఆడుకున్న మగపిల్లల పేర్లు. లక్క ఇంట్లో నిద్రపోతున్నవాళ్ళకి అర్ధరాత్రి మెలకువ వస్తుంది. పొగ వాసన ముందు తల్లికి తగులుద్ది. అక్కడిదాకా రాశాను. బయటికి దారి ఎటో ఇంకా తేలలేదు, సొరంగం మూతి పాండవులు మూసేసిపోయారు. పూర్తయ్యాక ఆ పెద్దాయనకే ముందు పంపుతాను.