సంజ్ఞ నుంచి వాక్యానికి: ప్రాథమిక స్థాయిలో ఆంగ్ల వ్యాకరణ బోధన – విమర్శనాత్మక పరిశీలన

సారాంశం:
తెలుగు పిల్లలకు ప్రాథమిక తరగతుల్లో ఆంగ్ల వ్యాకరణం చాలావరకు నిర్వచనాల రూపంలో అందుతోంది. దీనికి ప్రత్యామ్నాయంగా వచ్చిన భావప్రసార పద్ధతి వ్యాకరణాన్ని విడిగా బోధించనక్కరలేదని భావించింది. ఈ రెండు మార్గాలూ పిల్లలకు బడికి రాకముందే వశమైన తెలుగు వాక్య వ్యవస్థను లెక్కలోకి తీసుకోలేదని, ఆ వ్యవస్థే ఆంగ్ల వ్యాకరణానికి సరైన ప్రవేశద్వారమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆంగ్ల బోధన, ప్రాథమిక విద్య, తులనాత్మక వ్యాకరణం, క్రియారహిత వాక్యం, భావప్రసార పద్ధతి.

1. ప్రస్తావన:
పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన గ్రంథం పేరు ‘బాలవ్యాకరణం’. పేరులో ‘బాల’ శబ్దం ఉన్నా దానిని అధ్యయనం చేసేవారు పండితులు, ఉన్నత విద్యార్థులే గాని పసిపిల్లలు కారు. అది సంజ్ఞా పరిచ్ఛేదంతో ఆరంభమవుతుంది. శాస్త్రగ్రంథానికి ఆ క్రమం ఉచితమే. పరిభాష తెలియనిదే సూత్రం బోధపడదు. అయితే శాస్త్రాన్ని వివరించే క్రమమూ, భాషను నేర్చుకొనే క్రమమూ ఒకటి కావు. ఆంగ్ల వ్యాకరణ బోధనలో ఈ భేదాన్ని విస్మరించడం వల్ల కలిగిన నష్టం తక్కువది కాదు. దశాబ్దాలుగా మన దేశంలో ప్రమాణంగా చెలామణి అవుతున్న రెన్, మార్టిన్‌ల వ్యాకరణ గ్రంథం పేరులోనే హైస్కూలు అన్న మాట ఉంది. ఆ గ్రంథంలో కనిపించే నిర్వచనం, ఉదాహరణ, అభ్యాసం అనే పద్ధతి మాత్రం మూడో తరగతి గది వరకు దిగివచ్చింది.

2. నిర్వచన ప్రధాన బోధన:
‘నౌన్’ అంటే వ్యక్తి, స్థలం, వస్తువుల పేరు అని వల్లెవేయించడంతో వ్యాకరణ పాఠం మొదలవుతుంది. తరువాత ‘ప్రొనౌన్’, ‘వెర్బ్’, ‘అడ్జెక్టివ్’ వరుసగా వస్తాయి. ఇక్కడ విద్యార్థికి అందుతున్నది భాష కాదు, భాషను గురించిన పరిభాష. నిర్వచనం అప్పజెప్పగలిగిన పిల్లవాడు ఆ మాటతో సొంతంగా ఒక వాక్యం చెప్పగలడన్న హామీ లేదు. పరీక్ష మాత్రం నిర్వచనాన్నే కొలుస్తుంది కాబట్టి ఈ లోపం బయటపడదు.

కాలాల బోధనలో ఈ సమస్య మరింత స్పష్టమవుతుంది. మూడు కాలాలు, ఒక్కొక్కదానిలో నాలుగు రూపాలు, వెరసి పన్నెండు గళ్ల పట్టికను కంఠస్థం చేయించడం పరిపాటి. కాని తెలుగు క్రియ ఆ గళ్లలో ఇమడదు. ‘అతను రోజూ వస్తాడు’, ‘అతను రేపు వస్తాడు’ అన్న రెండు వాక్యాల్లోనూ క్రియారూపం ఒక్కటే. ఆంగ్లంలో మొదటిదానికి ‘కమ్స్’, రెండోదానికి ‘విల్ కమ్’ కావాలి. ‘వస్తాడు’కు సమానార్థకంగా పట్టికలో ఒక్క గడినే చూపితే పిల్లవాడు రెండో సందర్భంలో తప్పక పొరబడతాడు. ఆ పొరపాటుకు మూలం అతని అశ్రద్ధలో కాక పట్టికలోనే ఉంది.

3. వ్యాకరణ నిరాకరణ వాదం:
ఈ పద్ధతికి బలమైన ప్రతివాదం దక్షిణ భారతదేశంలోనే పుట్టింది. ఎన్.ఎస్. ప్రభు 1979–84 మధ్య నిర్వహించిన బెంగళూరు ప్రయోగం, అర్థంపై దృష్టి నిలిపినప్పుడే భాషారూపం ఉత్తమంగా అలవడుతుందన్న భావన మీద నడిచింది. పిల్లలకు వ్యాకరణ సూత్రాలకు బదులు పటాలు, సమయపట్టికలు వంటివాటిపై ఆలోచింపజేసే పనులు ఇచ్చారు. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రానికి అనుబంధంగా వెలువడిన ఆంగ్లబోధన అధ్యయనపత్రం కూడా పిల్లల చుట్టూ అర్థవంతమైన భాషా సామగ్రి పుష్కలంగా ఉండాలని చెప్పింది.

ఈ వాదానికి పరిశోధన బలం కూడా ఉంది. రోజర్ బ్రౌన్ 1973లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ఆంగ్లం మాతృభాషగా గల పిల్లలకు సైతం ‘ఇంగ్’ ప్రత్యయం ముందుగా పట్టుబడుతుంది. ‘కమ్స్’లోని చివరి సకారం చాలా ఆలస్యంగా వస్తుంది. మన తరగతుల్లో ఆ సకారాన్ని తొలి పాఠాల్లోనే బోధించి, అది రాలేదని మార్కులు తగ్గించడం సమంజసం కాదని దీనివల్ల తెలుస్తుంది.

అయినా ఈ వాదంలో ఒక బలహీనత ఉంది. భాషాసామగ్రి పుష్కలంగా ఉంటే వ్యాకరణం దానంతటదే అలవడుతుందన్న మాట ఆ సామగ్రి ఉన్నచోటనే నిలుస్తుంది. ఇంట్లో ఆంగ్ల పుస్తకాలు, ఆంగ్లం మాట్లాడే పెద్దలు ఉన్న పిల్లలకు అది లభిస్తుంది. కూలిపనికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లలకు బడిలోని ఆంగ్ల పీరియడే సర్వస్వం. ఆ కొద్ది సమయంలో సూత్రాన్ని తొలగించి, సామగ్రిని సమకూర్చకపోతే ఆ పిల్లలకు రెండూ దక్కవు. వ్యాకరణం వద్దనడం ఉదారంగా కనిపించినా, దాని భారం చివరకు పేద విద్యార్థి మీదనే పడుతుంది.

4. తెలుగు వాక్యం – ఆంగ్ల ప్రవేశం:
ఆంగ్ల వాచకాల్లో తొలి పాఠంగా కనిపించే ‘దిస్ ఈజ్ ఎ బుక్’ అన్న వాక్యాన్ని పరిశీలించవచ్చు. దీనికి తెలుగు ‘ఇది పుస్తకం’. ఆంగ్లంలో నాలుగు మాటలు, తెలుగులో రెండు. ‘ఈజ్’, ‘ఎ’ అన్న వాటికి తెలుగు వాక్యంలో ప్రత్యేకమైన మాటలు లేవు. తెలుగులో క్రియారహిత వాక్యం సంపూర్ణ వాక్యమేనని చేకూరి రామారావు వంటి భాషావేత్తల వాక్య పరిశీలన స్పష్టం చేసింది. కాబట్టి ‘దిస్ బుక్’ అని రాసిన పిల్లవాడు మాట మరచిపోలేదు, తెలుగు వాక్య నియమాన్ని పాటించాడు.

ఇక్కడ మరొక సూక్ష్మం ఉంది. తెలుగులో ‘ఇది’ సర్వనామం, ‘ఈ’ విశేషణం. ‘ఇది పుస్తకం’ అంటే వాక్యం, ‘ఈ పుస్తకం’ అంటే పదబంధం. ఆంగ్లంలో రెండింటికీ ‘దిస్’ ఒక్కటే. ‘దిస్ బుక్’ అంటే ‘ఈ పుస్తకం’ అవుతుంది. తెలుగు ‘ఇది’, ‘ఈ’ అన్న భేదంతో సాధించినదాన్ని ఆంగ్లం ఇక్కడ ‘ఈజ్ ఎ’ చేర్చి సాధిస్తోంది. ఈ మాట చెప్పడానికి ‘ఆర్టికిల్’ నిర్వచనం అవసరం లేదు. రెండు తెలుగు ఉదాహరణలు చాలు.

‘నాకు ఆకలిగా ఉంది’, ‘నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు’ వంటి వాక్యాల్లో అనుభవించే వ్యక్తి, సంబంధం గల వ్యక్తి చతుర్థీ రూపంలో ఉంటారు. ఆంగ్లంలో వారే కర్తలై ‘ఐ’గా మారి, ఒకచోట ‘యామ్’, మరొకచోట ‘హావ్’ కోరుతారు. ‘నాకు’ అన్నది ఎప్పుడు ‘టు మి’ కాదో తెలియజేస్తే ఒక పెద్ద దోషవర్గానికి పరిష్కారం దొరుకుతుంది.

క్రియకు, కర్తకు పొందిక కూడా తెలుగు పిల్లవాడికి కొత్త విషయం కాదు. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు, వస్తాయి అని అతను రోజూ పలుకుతూనే ఉంటాడు. ఆంగ్లం ఈ వైవిధ్యాన్ని దాదాపు వదులుకొని, వర్తమానంలో ప్రథమపురుష ఏకవచనానికి మాత్రం ఒక గుర్తు మిగుల్చుకొంది. ఆ గుర్తు వెంటనే నోటికి రాకపోయినా, దాని వెనుక ఉన్న భావన పిల్లవాడికి పరిచితమే.

‘ఎ’, ‘యాన్’ల ప్రయోగంలో తెలుగు లిపి మరింత ఉపకరిస్తుంది. ఏ, ఈ, ఐ, ఓ, యు అన్న అక్షరాల ముందు ‘యాన్’ రావాలని బోధించడం వల్ల ‘యూనివర్సిటీ’ ముందు ‘యాన్’, ‘అవర్’ ముందు ‘ఎ’ చేరుతున్నాయి. అసలు నియమం అక్షరానిది కాదు, ధ్వనిది. ఆ మాటను తెలుగులో రాయిస్తే చిక్కు విడిపోతుంది. ‘యూనివర్సిటీ’, ‘వన్’ హల్లులతో మొదలవుతాయి, ‘అవర్’, ‘ఎమ్మెల్యే’ అచ్చులతో మొదలవుతాయి. అచ్చు ముందు ‘యాన్’, హల్లు ముందు ‘ఎ’ అంటే సరిపోతుంది. అచ్చులు, హల్లులు ఒకటో తరగతిలోనే వచ్చిన పిల్లవాడికి ఈ నియమం సగం తెలిసినదే.

5. పరిమితులు:
పిల్లల దోషాలన్నింటికీ మాతృభాషే కారణమనడం అతివ్యాప్తి. ‘గో’కు ‘గోడ్’ అని భూతకాలం కల్పించడం ఆంగ్ల కుటుంబాల పిల్లల్లోనూ కనిపిస్తుంది. అది మాతృభాషా ప్రభావం కాదు, నియమాన్ని విస్తరించే సహజ ప్రయత్నం. భిన్న మాతృభాషల పిల్లల్లో ఆంగ్ల రూపాలు అలవడే క్రమం చాలావరకు ఒకే తీరున ఉందని 1974లో డ్యూలే, బర్ట్ అధ్యయనం ప్రతిపాదించింది. తులన అలవడే క్రమాన్ని తలకిందులు చేయలేదు. వాక్యాన్ని అర్థం చేసుకొనే మార్గాన్ని మాత్రం సుగమం చేస్తుంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోని పిల్లలందరి ఇంటిభాష తెలుగు కాదు. గోండి, కోయ, సవర, లంబాడి, ఉర్దూ మాట్లాడే పిల్లలకు తెలుగుతో తులన మరొక భారం కావచ్చు. వారి భాషల వాక్య నిర్మాణం ఉపాధ్యాయుడికి కొంతైనా తెలియాలి. ఇక్కడే ఉపాధ్యాయ శిక్షణ ప్రశ్న ముందుకు వస్తుంది. ఉపాధ్యాయులు చదువుకొన్న తెలుగు వ్యాకరణంలో సంధి, సమాస, ఛందో, అలంకారాలకు ఉన్న ప్రాధాన్యం వాక్యానికి లేదు. తన భాష వాక్యాన్ని విశ్లేషించని వారు ఆ భాష ద్వారా మరొక వాక్యాన్ని వివరించలేరు.

6. ముగింపు:
తెలంగాణ 2022–23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు, ఆంగ్లం ఎదురెదురు పుటల్లో ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మాధ్యమం గురించి భిన్నాభిప్రాయాలు ఎలా ఉన్నా, ఆంగ్ల వాక్యం పట్టుబడని పిల్లవాడు ఇప్పుడు ఆంగ్లంతో పాటు గణితంలో, విజ్ఞానశాస్త్రంలో కూడా వెనుకబడతాడు. కనుక వ్యాకరణ బోధన ఒక పాఠ్యాంశానికి పరిమితమైన సమస్య కాదు.

పరిభాష తరువాత కూడా నేర్చుకోవచ్చు. ప్రాథమిక స్థాయిలో కావలసింది వాక్యం. ద్విభాషా పుటలను అనువాద సౌకర్యానికే పరిమితం చేయక, రెండు వాక్యాలను పక్కపక్కన ఉంచి ఏది అదనంగా ఉందో, ఏది లోపించిందో పిల్లలచేతనే చెప్పించవచ్చు. ‘ఇది పుస్తకం’ అన్న రెండు మాటల్లో ఎంత వ్యాకరణం ఉందో ముందు ఉపాధ్యాయుడు గ్రహిస్తే, ‘దిస్ బుక్’ అన్న జవాబు మీద ఎర్రసిరా గీత పడటానికి బదులు అక్కడి నుంచే పాఠం మొదలవుతుంది.