కడగొద్దన్న మిస్త్రీ

మా పక్కింటి లారీ ఓనరు పోయిన శనివారం వర్గల్ గుట్టెక్కి శనీశ్వరుడికి తైలాభిషేకం చేయించి వచ్చాడు. జనమంతా సరస్వతమ్మ దగ్గర పిల్లల అక్షరాభ్యాసానికి వస్తుంటే, లారీలవాళ్ల చూపు మాత్రం పక్కనున్న శనీశ్వరుడి గుడి మీదే. దేవుడికి పోసిన నూనె కంటే ఆయన టాటా 1613 తాగే నూనె ఎక్కువ. సైలెన్సర్లో నీలం పొగ, లోడు మీద ఎత్తెక్కితే నల్ల పొగ, పొద్దున స్టార్టు చేస్తే కాసేపు మిస్సింగు. సోమవారం గౌరారం దగ్గర, రాజీవ్ రహదారి పక్కనున్న షెడ్డుకు తీసుకుపోయాం. మిస్త్రీ ఆయిల్ పోసే మూత తీశాడు. గుప్పుగుప్పున కొడుతున్న పొగకు అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. "ఫుల్ ఇంజన్" అన్నాడు, అంటే మొత్తం ఇప్పి కట్టాలని.

నాకు ఒళ్లు మండింది. నాదొక పాత పాట ఉంది. బోరు మోటారైనా, గోడ గడియారమైనా, మనిషి మోకాలైనా సరే, రోగమేంటో తేలకుండా ఇప్పొద్దంటాను. నీలం పొగంటే ఆయిల్ మండుతోందని అర్థం. అది రింగులదా, వాల్వు గైడులదా, టర్బో సీలుదా? నల్ల పొగంటే డీజిల్ ఎక్కువైందో, గాలి తక్కువైందో. ఫిల్టరు మూసుకుపోయినా వస్తుంది, నాజిల్ కారినా వస్తుంది. మూత దగ్గర పొగ ఉందంటే రింగులు దాటి గ్యాసు కిందికి దిగుతోందన్న మాట, అది నిజమే. కానీ ఏ సిలిండర్లో? ఆరింటిలో ఒక్కటి పాడైనా పొగ వచ్చేది ఆ మూత నుంచే కదా.

ఈ పాట నాకు అబ్బింది మా మేనమామ లారీ దగ్గర. ఆయనకు టాటా 1210 ఉండేది. అప్పట్లో టాటా లారీ నంబరే దాని జాతకం: 12 టన్నుల బరువు, 100 గుర్రాల బలం. 1954 నుంచి 1969 దాకా జర్మనీ బెంజ్ కంపెనీతో పొత్తు ఉండటంతో అందరూ టాటా బెంజి అనే అనేవారు. పొత్తు పోయి ఏళ్లు గడిచినా మామది అదే పిలుపు. జహీరాబాద్‌లో, అంటే మన ఉమ్మడి మెదక్ జిల్లాలోనే, ఆల్విన్ నిస్సాన్ బండ్లు తయారవుతున్న రోజుల్లో ఒకటి కొనమని ఎవరో చెబితే, "బెంజి ఉండంగ గదెందుకు?" అన్నాడు. ఆల్విన్ నిస్సాన్ ఆ తర్వాత మహీంద్రా చేతికి పోయింది.

ఆ 1210కి ఒకసారి మిస్సింగు పట్టుకుంది. మామ నమ్మే మిస్త్రీ సైకిలు మీద వచ్చాడు. ఇంజన్ స్టార్టు చేయించి, సన్నగా ఆడుతుండగా నాజిళ్ల పైపు నట్లు పానాతో ఒక్కొక్కటే వదులు చేశాడు. మంచి సిలిండరు నట్టు వదిలితే డీజిల్ బయటికి చిమ్మి, ఇంజన్ ఒక్కసారిగా బరువెక్కి కుంటుతుంది. మళ్లీ బిగిస్తే సర్దుకుంటుంది. ఏ నట్టు వదిలినా శబ్దంలో తేడా రాదో, రోగం ఆ సిలిండరుది. మూడో దాని దగ్గర ఇంజన్‌కు చీమ కుట్టినట్టైనా లేదు. ఆ ఒక్క నాజిల్ మార్చాడు, టీ తాగాడు, వెళ్లిపోయాడు. హెడ్డు ముట్టుకోలేదు. నా సిద్ధాంతం పుట్టింది అక్కడే.

(కుర్రాళ్లకొక మాట. ఇది పాత పంపు బండ్ల విద్య. కామన్ రైలు బండ్ల మీద ఈ పని చేయకండి. అందులో డీజిల్ వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడితో ఉంటుంది. నట్టు వదిలితే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లకు స్కానరే దిక్కు.)

ఇదంతా గౌరారం మిస్త్రీకి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "సారూ, నాలుగో సిలిండరు పోయింది, నాకెర్కనే. గని వడ్ల సీజనుకు రెండు నెలలే ఉన్నది. ఇప్పుడు నాలుగోది ఒక్కటే కడితే, కొనుగోలు సెంటర్ కాడ వడ్లు ఎత్తినంక రెండోది పోతది. బండి నిలవడితే కిస్తీ నిలవడ్తదా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. మామ బండికి పోయింది నాజిల్ ఒక్కటే. ఈ బండిలో నాలుగోది అరిగేదాకా నడిచిన కిలోమీటర్లు మిగతా అయిదింటి మీదా నడిచినవే. ఒక్క సిలిండరు కడితే సామాను ఖర్చు ఆరో వంతుకు దగ్గరే. కానీ ఇప్పే కూలి, హెడ్డు గ్యాస్కెట్టు, షెడ్డులో బండి నిలబడే రోజులు అంతే ఉంటాయి. అవన్నీ మళ్లీ సీజన్లో, మిల్లు ముందు లైన్లో నిలబడాల్సిన వేళ పడితే? లారీ ఓనర్లు వానల్లోనే ఇంజన్ పని పెట్టుకునేది ఇందుకే. ఏది పాడైందన్నంత ముఖ్యమైన ప్రశ్నే ఎప్పుడు ఇప్పాలన్నది.

అయినా అనుమానంతోనే బుధవారం మళ్లీ వెళ్లాను. ఇంజన్ దిగింది. గోనెసంచి మీద ఆరు పిస్టన్లు నంబర్ల వరసలో ఉన్నాయి. హెల్పర్ పిల్లాడు డీజిల్ డబ్బా, బ్రష్షు పట్టుకుని వచ్చాడు. "ఏయ్, కడగొద్దురా!" అని మిస్త్రీ అరిచిన అరుపుకు నేనూ ఉలిక్కిపడ్డాను.

చాలా షెడ్లలో మొదటి పని కడగడమే. ఈయన ముందు చదివాడు. అయిదు పిస్టన్ల నెత్తిన పొడి మసి సమంగా ఉంది. నాలుగోదాని మీద ఒక పక్క తడిగా, కడిగినట్టు మెరుస్తోంది. సరిగ్గా ఆ పక్కనే పిస్టన్ ఒంటి మీద నిలువు గీతలు. లైనరు లోపలా అవే గీతలు. నాజిల్ డీజిల్‌ను పొగమంచులా చిమ్మకుండా చుక్కలుగా కార్చింది. ఆ చుక్కలు లైనరు మీది ఆయిల్ పొరను కడిగేశాయి. లోహం లోహాన్ని గీరింది. రింగులు పోయాయి, ఆయిల్ పైకెక్కింది. నల్ల పొగకూ నీలం పొగకూ మూలం ఒకటే. నట్లు వదిలి చూస్తే నాలుగోదని తెలిసేది గానీ, ఎందుకో ఎలా తెలుస్తుంది? ఆ మసి మీద రాసి ఉంది. బ్రష్షు తగిలుంటే పోయేది.

రోగం చూశాకే ఇప్పమని ఇన్నేళ్లుగా రాస్తున్నాను. ఇప్పినాక చూసే చూపొకటి ఉంటుందని, అది మొదటిదానికంటే పదునైందని ఈయన దగ్గర చూశాను. ఇక నుంచి మిస్త్రీని ఎంచేటప్పుడు చెవి ఎంత చురుకని అడగను. పిస్టన్లు ఎప్పుడు కడుగుతాడని అడుగుతాను.

క్రాంకు లేతుకు పోయి ట్వంటీ సైజుకు గ్రైండింగ్ అయి వచ్చింది. ఆరు లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవే. చిక్కు శుక్రవారం వచ్చింది. నాజిళ్లు పంపు షాపులో టెస్టు చేయిస్తే నాలుగోది కారుతోంది, ఇంకో రెండు అంతంతమాత్రం. ఖర్చు చూసి బెంబేలెత్తిన ఓనరు, "ఇంజన్ మొత్తం కొత్తదాయె గదా, పాత నాజిళ్లే తుడిచి పెట్టరాదె" అన్నాడు. మిస్త్రీ పానా కింద పెట్టేశాడు. పాత నాజిల్ పెడితే కొత్త లైనరు మళ్లీ గీరుకుపోతుందని, ఆ పేరు తనకొద్దని, కావాలంటే ఉన్నదున్నట్టు ట్రాలీలో వేసుకుపొమ్మని చెప్పాడు. ఓనరు సాయం కోసం నా వైపు చూశాడు. నేను మిస్త్రీ పక్షం తీసుకున్నాను. పక్కింటాయన రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. నాజిళ్లు మాత్రం ఆర్డరిచ్చాడట.