సాగగొట్టిన లోహమా, తొలిచిన లోహమా?

తుపాకిలో గొట్టమును, బోల్టును, ట్రిగ్గరును ఒకచోట పట్టియుంచు పెట్టెవంటి భాగమునకు రిసీవర్ అని పేరు. అమెరికాలో ఏఆర్-15 తరహా రైఫిలును తమ అభిరుచికి తగినట్లు కూర్పించుకొనువారు ఈ భాగమును ముఖ్యముగా రెండు విధములుగా కొనుచుందురు. ఒకటి, కాచిన అల్యూమినియం మిశ్రలోహమును అచ్చుల నడుమ సమ్మెటపోటుతో ఆకారమునకు తెచ్చి, పిదప యంత్రముపై చెక్కినది. రెండవది, దిమ్మనుండి నేరుగా మిల్లింగ్ యంత్రముతో తొలిచినది. మొదటిదే బలమైనదని కొందరు, రెండవదే వంగక నిలుచునని కొందరు వాదించెదరు. రెండింటను కొంత నిజము కలదు. కాని రెండు వాదములును అసలు ప్రశ్నను దాటవేయుచున్నవి.

మొదటి వాదమునకు ఆధారము లోహపు పోగు. నాగలి చేయు వడ్రంగి తిన్నని దూలమును వంకరగా కోయడు. సహజముగా వంగిన కొమ్మనే వెదకును. పోగు వంపుతోపాటు సాగినపుడే కర్ర చీలక నిలుచును. అచ్చులో సాగిన లోహపు రేణువులును అట్లే ఆకారము వెంట ఒదుగును. రోలింగ్ మిల్లునుండి వచ్చిన దిమ్మలో పోగు ఒకే దిక్కున ఉండును. కోత దానిని అడ్డముగా తెంచును. ఇది సత్యమే. అయితే పదే పదే పడు ఒత్తిడికి లోహము అలసి పగులుటలో ఈ భేదము కనిపించినంతగా, నెమ్మదిగా లాగి తెంపు పరీక్షలో కనిపించదు.

బలములో పెద్ద తేడా మరొకచోటినుండి వచ్చుచున్నది. సాగగొట్టిన రిసీవర్లను సాధారణముగా 7075 అను మిశ్రలోహముతో చేయుదురు. ఇందు జింకు 5 నుండి 6 శాతము. తొలిచినవి కొన్ని 7075తోను, కొన్ని 6061తోను వచ్చుచున్నవి. టి6 అను ఉష్ణోపచారము పొందిన 7075 తిరిగి కోలుకొననట్లు సాగుటకు చదరపు మిల్లీమీటరుకు దాదాపు 500 న్యూటనులు కావలెను. అదే ఉపచారము పొందిన 6061కు సుమారు 275 చాలును. ఇంత అంతరమును పోగు ఒక్కటే తేలేదు. కావున 7075తో సాగగొట్టినదానిని 6061తో తొలిచినదానితో పోల్చి, గెలుపును సమ్మెటకు కట్టబెట్టుట ఒకేసారి రెండు అంశములను మార్చి చేసిన ప్రయోగము వంటిది. హైస్కూలు ప్రయోగశాలలో సైతము దానిని అంగీకరింపరు.

రెండవ వాదమునకు యంగ్ గుణకమే సమాధానము. రెండు మిశ్రలోహములకును అది 70 గిగాపాస్కల్ దరిదాపులనే ఉన్నది. తొలిచినది తక్కువగా వంగినచో అందుకు కారణము దాని మందపు గోడలే గాని తొలిచిన పద్ధతి కాదు. ఆ మందమును బరువుగా మోయవలసినదే. ఇక ధర సంగతి: అచ్చులు ఖరీదైనవి గనుక వేలకొలది చేయువారికి సాగగొట్టుట, కొద్దిపాటి సంఖ్యలో కొత్త ఆకారములు కోరువారికి తొలుచుట అనుకూలము.

ఇంతకును ఏఆర్-15లో తూటా వెనుకకు తన్ను తాకిడిని మోయునది ప్రధానముగా రిసీవరు కాదు. బోల్టు పండ్లు గొట్టపు చివరనున్న ఉక్కు తొడుగులో బిగియును. అమెరికా సైన్యపు 1903 నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిలులో అట్లు కాదు. పండ్లు రిసీవరులోనే బిగియును. అక్కడ లోహపు గుణము కాల్చువాని కన్నులకు, ప్రాణమునకు సంబంధించిన విషయము. ఆ రిసీవరు సాగగొట్టిన ఉక్కే. అయినను 1917లో కొన్ని పగిలిపోయెను. తూటాలో లోపమున్నపుడు సాగి ఓర్చుకొనవలసిన ఉక్కు గాజువలె ముక్కలాయెను.

కారణము కొలిమిలో దొరికెను. పనివారు ఉక్కు వేడిమిని రంగునుబట్టి కంటితో అంచనా వేయుచుండిరి. మబ్బు పట్టిననాడు ఎర్రగా వెలుగు ఉక్కు ఎండకాసిననాడు వెలవెలబోవును. అపుడు మరింత కాచెడివారు. ఈ తేడా 300 ఫారన్‌హీట్ డిగ్రీల వరకు ఉండెనని సైనికాధికారి జూలియన్ హాచర్ 1947లో ప్రచురించిన గ్రంథమున వ్రాసెను. అతిగా కాగిన ఉక్కు రేణువుల సరిహద్దులు మాడిపోవును. ఎంత చక్కని పోగైనను దానిని రక్షింపలేదు. పిదప ఉష్ణమాపకములను అమర్చి, 1918లో ఉష్ణోపచారమును మార్చిరి. స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారపు రైఫిళ్లలో 8,00,000 కంటె తక్కువ వరుస సంఖ్య గలవానిని, రాక్ ఐలండ్‌వానిలో 2,85,507 కంటె తక్కువ గలవానిని కాల్చరాదని సేకర్తలకు నేటికిని సలహా ఇచ్చుచుందురు.