ఎవరి మనసు నొచ్చుకుంటుందని?

అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో 30కి పైగా ఆదివాసీ తెగలున్నాయి. 1830లలో చెరోకీ, చోక్టా, క్రీక్ వంటి తెగలను సొంత నేలల నుంచి వెళ్లగొట్టి పంపింది అక్కడికే. దారిలో వేలమంది చనిపోయారు. ఆ నడకను 'కన్నీటి బాట' అంటారు.

ఆ రాష్ట్రం 2021 మే నెలలో హౌస్ బిల్లు 1775 అనే చట్టం చేసింది. ప్రభుత్వ కళాశాలల్లో స్త్రీ పురుష భేదం, లైంగిక వైవిధ్యం గురించిన శిక్షణను విద్యార్థులకు తప్పనిసరి చేయరాదని అది చెబుతుంది. ఇష్టమున్నవాళ్లు వెళ్లవచ్చు. బడులకు మరో నిషేధం ఉంది. తన జాతి కారణంగా పిల్లవాడు అపరాధభావంతో బాధపడాలనే మాట బోధించరాదు.

పుట్టుకతోనే ఎవరూ దోషులు కారు. ఇది మేమూ ఒప్పుకుంటాం. పుట్టుకను బట్టి నిందలు మోసినవాళ్లం మనమే కదా. తప్పనిసరి శిక్షణల సంగతీ మాకు తెలుసు. ఎన్నిటికో వెళ్లాం. సంతకం పెట్టి, టీ తాగి, సాయంత్రం బస్సెక్కి వచ్చాం.

అయితే శిక్షణ వద్దనడం వేరు, పాఠం చెప్పాలంటే భయపడేలా చేయడం వేరు. ఈ చట్టం రెంటినీ ఒకే గాటన కట్టింది. ఓక్లహోమాలోనే 1920లలో చమురు డబ్బు కోసం ఓసేజ్ తెగవాళ్లను వరసగా చంపారు. ఆ హత్యల మీద డేవిడ్ గ్రాన్ రాసిన పుస్తకాన్ని తరగతిలో చెప్పడానికి అక్కడి ఉపాధ్యాయులు జంకినట్టు వార్తలు వచ్చాయి. పాఠ్యప్రణాళికలో ఉన్నది చెప్పవచ్చని చట్టంలోనే ఉంది. కానీ 2022లో ఈ చట్టం పేరుతో రెండు విద్యా జిల్లాల గుర్తింపు స్థాయిని తగ్గించారు. అది చూశాక ఏ పంతులు ధైర్యం చేస్తాడు? 2024లో ఫెడరల్ కోర్టు చట్టంలోని కొన్ని భాగాలను నిలిపివేసింది.

ఈ భయం మనకు కొత్త కాదు. మా తరగతిలో ఆదివాసీ పిల్లలూ, షావుకార్ల పిల్లలూ ఒకే బల్ల మీద కూర్చుంటారు. 1/70 చట్టం ఎందుకు వచ్చిందో చెబుతున్నప్పుడు ఒక పిల్లవాడు లేచి, "సార్, మా తాత కూడా అట్లనే భూమి తీసుకున్నాడా?" అని అడిగాడు. గది నిశ్శబ్దమైపోయింది. "తీసుకున్నాడో లేదో ఇంట్లో అడుగు. తీసుకున్నా ఆ తప్పు నీది కాదు. తెలుసుకోవడం మాత్రం నీ పని" అన్నాం. ఓక్లహోమా చట్టం ప్రకారం ఆ ప్రశ్న దగ్గరే పాఠం ఆపేయాలని అక్కడి పంతులుకు అనిపించవచ్చు. మాకు మాత్రం పాఠం అక్కడే మొదలైంది.

ఆ పిల్లవాడి బాధను లెక్కపెట్టే చట్టం, పక్కనే తల వంచుకుని కూర్చున్న మన పిల్ల బాధను లెక్కపెట్టదు. ఆమె తాత భూమి పోయిందన్న మాట పుస్తకంలో లేకపోతే ఎవరి మనసూ నొచ్చుకోనట్టేనా?

మన పిల్లలు పట్నం కాలేజీలో చేరగానే "మీకేం, సీటు ఊరికే వస్తుంది" అనే మాట వింటారు. ఆ మాట అన్నవాడికి 1/70 తెలియదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగాయనీ తెలియదు. ఒక పూట శిక్షణ అతన్ని మార్చకపోవచ్చు. పదేళ్లు బళ్లో విన్న చరిత్ర మార్చవచ్చు.

అందుకే తోటి ఉపాధ్యాయులకు మా మాట ఒకటే. మీ ఊరి భూముల కథను పెద్దల దగ్గర అడిగి రాసుకోండి. పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పండి. ఎవరైనా లేచి ప్రశ్న అడిగితే పాఠం ఆపకండి.